ట్యూబ్‌లైట్ ఆపేశాక మా పాప కనిపించింది

మా పాప పుట్టిన మూడో రోజు ఫోటో తీసి పంపిస్తే, దోహా నుంచి మా ఆయన అడిగిన మొదటి మాట: "పిల్ల మొఖం ఏది?"

నాకు ఒళ్లు మండింది. ఒక పక్క ఆపరేషన్ కుట్లు సలుపుతున్నాయి. ఒక చేత్తో పాపని పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ ఎత్తి, ఎలాగో తీసి పంపిస్తే మొఖం ఏదంటాడా! "కండ్లు పెట్టి చూడు, కనవడ్తది" అని మెసేజ్ కొట్టి ఫోన్ పక్కన పడేశా.

సాయంత్రం కోపం తగ్గాక నేనూ ఆ ఫోటో తెరిచి చూశా. తెల్ల టవల్, అందులో ఒక మసక ముద్ద. నెత్తి మీది ట్యూబ్‌లైటు వెలుగంతా నుదుటి మీద పడి మెరుస్తోంది. కళ్లున్న చోట రెండు నల్లటి నీడలు. పాప ఉందని తెలుస్తోంది కానీ ఎలా ఉందో తెలియట్లేదు. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు.

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా వాడకట్టులో ఏ ఇంటి తలుపు తట్టినా గల్ఫ్‌కి పోయినవాళ్లో, పోయి వచ్చినవాళ్లో ఒకరుంటారు. నాకు ఐదో నెల ఉన్నప్పుడు మా ఆయన వెళ్లాడు. పాపకి తొమ్మిది నెలలు నిండేదాకా సెలవు లేదు. క్యాంపు రూములో ఆరుగురు, నెట్ అంతంత మాత్రం. వీడియో కాల్ చేస్తే పాప మొహం గళ్లు గళ్లుగా విడిపోయి అక్కడే ఆగిపోయేది. అందుకే మాకు ఫోటోలే దిక్కు. దోహా టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆయన 12 గంటలకు అన్నం డబ్బా తెరిచే టైముకి ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. ఆ లోపల ఆ రోజు ఫోటో చేరాలి. అదీ మా ఒప్పందం.

ఈ గోలంతా చూసి మా అమ్మ నవ్వింది. "మీ నాయన కూడ నిన్ను మొదాలు ఫోటోలనే చూసిండు బిడ్డా" అంది.

నేను పుట్టింది 1997లో. నాన్న అప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. మూడో నెలలో అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి జగిత్యాల వెళ్లి, స్టూడియోలో ఫోటో తీయించి, ఉత్తరంలో పెట్టి పంపింది. అదొక్కటే ఫోటో. నాన్న దాన్ని సూట్‌కేసు మూతకి అంటించుకున్నాడట. ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అందులో నేను పిండిలో దొర్లించిన పూరీ ముద్దలా ఉంటా. అంత పౌడరు!

"ఎందుకమ్మా అంత పూసినవ్?" అని అడిగా.

"నువ్వు జర నల్లగ ఉంటివి. మీ నాయన ఏమనుకుంటడో అని."

అమ్మ చాలా మామూలుగా చెప్పింది. నేనూ మామూలుగానే విని నవ్వేశా. ఆ మాట సంగతి తర్వాత చెప్తా.

ఫోటోల విషయంలో నాకు మొదటి పాఠం 21వ రోజు తొట్టెల ఫంక్షన్‌లో దొరికింది. మా ఊర్లో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే తమ్ముడొకడు వచ్చాడు. గదిలోకి అడుగుపెట్టగానే, "అక్కా, ముందుగాల ఆ లైటు బంద్ చెయ్యి" అన్నాడు. చీకటైపోతుంది కదరా అంటే వినలేదు. ట్యూబ్‌లైటు ఆపి, కిటికీ రెక్కలు రెండూ తెరిచి, చాప కిటికీ పక్కకి జరిపి, పాపని అక్కడ పడుకోబెట్టమన్నాడు. తర్వాత నా ఫోన్ తీసుకుని వెనక కెమెరా అద్దం చూసి పకపకా నవ్వాడు. "నూనె చేతులతోని పట్టుకుంటున్నవ్ గదా అక్కా!"

నిజమే. పొద్దున్నే పాపకి నూనె మర్దనా చేయడం, అవే చేతులతో ఫోన్ తీయడం. అద్దం మీద నూనె పొర పేరుకుపోయింది. ఇరవై రోజులుగా నా ఫోటోలన్నీ పొగమంచులో తీసినట్టు ఉండటానికి సగం కారణం అదే. వాడు మెత్తటి బట్టతో తుడిచి, ఒక్క ఫోటో తీసి చూపించాడు. పాప కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. ఫోన్ అదే, పాప అదే. మారింది రెండే: అద్దం మీద నూనె పోయింది, వెలుతురు పక్క నుంచి వచ్చింది.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తా. పైనుంచి పడే లైటు కళ్ల గుంటల్లో నీడ వేస్తుంది. కిటికీ నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురైతే బుగ్గ మీద మెల్లగా జారుతుంది, కళ్లలో చిన్న మెరుపు కూడా పెడుతుంది. ఇంకో సంగతి, వెలుతురు చాలకపోతే ఫోన్ కెమెరా ఎక్కువసేపు తెరిచి ఉండాల్సి వస్తుంది. సెకనులో పదిహేనో వంతు అంటే మనకి రెప్పపాటు కూడా కాదు, కానీ ఆలోపే పిల్లలు చెయ్యి ఊపేస్తారు. అందుకే ఆరు వేళ్లున్నట్టు ఫోటో వస్తుంది. పట్టపగలు కిటికీ దగ్గర ఆ ఇబ్బంది చాలా తగ్గుతుంది.

మా ముందు గది కిటికీ ఉత్తరం వైపు ఉంది. అటు నుంచి ఎండ నేరుగా లోపలికి అంతగా రాదు కాబట్టి వెలుతురు మెత్తగా ఉంటుంది. మీ ఇంట్లో తూర్పు కిటికీయే ఉంటే, పొద్దున ఎండ సూటిగా పడేటప్పుడు నాన్నగారి పాత తెల్ల పంచె ఒకటి అడ్డంగా కట్టండి. ఎండ పాలల్లా మెత్తబడిపోతుంది. గోడ రంగు కూడా చూసుకోవాలి. మా పడకగదికి చిలకపచ్చ రంగు. అక్కడ తీసిన ప్రతి ఫోటోలో పాపకి పచ్చకామెర్లు వచ్చినట్టే ఉండేది. గోడ రంగు మొహం మీద పడుతుందని నాకేం తెలుసు!

రెండో నెల నుంచి నాకు ఒక లెక్క కుదిరింది. స్నానం, పాలు, ఒక కునుకు. లేచాక ఓ ఇరవై నిమిషాలు ఊరికే అటూ ఇటూ చూస్తుంది. అదే మన టైము. ఆకలి మీదున్న పిల్లని, నిద్రకొచ్చిన పిల్లని నవ్వించాలని చూడటం శుద్ధ దండగ. పుట్టిన కొత్తలో వాళ్లకి ఒక జానెడు, మూరెడు దూరంలో ఉన్న మొహాలే స్పష్టంగా కనిపిస్తాయి. మనల్ని చూసి నవ్వడం ఆరో వారం ప్రాంతంలో మొదలవుతుంది. అప్పటిదాకా "నవ్వే" అని చప్పట్లు కొట్టినా లాభం లేదు.

తీసేటప్పుడు నేనూ కిందకి దిగాలని కూడా తెలిసొచ్చింది. నిలబడి పైనుంచి తీస్తే పాప చాప మీద పడేసిన బొమ్మలా ఉంటుంది. నేను బోర్లా పడుకుని, ఫోన్‌ని తన కళ్ల ఎత్తుకి దించితే, చూసేవాళ్లకి పాప ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మూడో నెలలో పాప బోర్లా వేస్తే తల ఎత్తడం మొదలుపెట్టాక తీసిన అలాంటి ఫోటో చూసి మా ఆయన, "నన్నే చూస్తున్నట్టుంది" అన్నాడు. ఆ రోజు ఆయన అన్నం చల్లారిపోయిందట.

ముక్కు సంగతి కూడా చెప్పాలి. మొదట్లో నేను ఫోన్ పాప మొహం మీదకి పెట్టి తీసేదాన్ని. ఆ ఫోటోలు చూసి మా అత్తగారింట్లో పెద్ద చర్చ. "ముక్కు తాతది వచ్చింది" అని ఒకరు, "కాదు, మేనత్తది" అని ఇంకొకరు. తీరా చూస్తే అది ఎవరి ముక్కూ కాదు, కెమెరా ముక్కు! మరీ దగ్గర నుంచి తీస్తే ముందుకున్నది పెద్దగా, వెనకున్నది చిన్నగా వస్తుంది. ముక్కు ఉబ్బుతుంది, చెవులు మాయమవుతాయి. మూడు నాలుగు అడుగులు వెనక్కి జరిగి, 2ఎక్స్ పెట్టుకుని తీస్తే అసలు ముక్కు వచ్చేసింది. చూస్తే అది మా అమ్మది.

అన్నీ తెలిసినట్టు చెప్తున్నా గానీ, తప్పులూ చేశా. రీల్స్‌లో చూసి పాపని పూల గంపలో కూర్చోబెట్టబోతే మా అమ్మ గంప లాగేసింది. "మెడ నిలవలే ఇంకా, గంపల పెడ్తవా?" అని గట్టిగానే పెట్టింది. తర్వాత ఫోటోల తమ్ముడు చెప్పాడు, చేతుల మీద గడ్డం ఆనించి పడుకున్న పసిపిల్లల ఫోటోలు ఒక్క దెబ్బకి తీసినవి కావట. ఒకరు తల పట్టుకుంటారు, ఇంకోసారి చేతులు పట్టుకుంటారు, రెండు ఫోటోలు కలిపి మనుషుల చేతులు చెరిపేస్తారు. అది చూసి మనం ఇంట్లో పిల్లల మెడలు వంచొద్దు.

ఫ్లాష్ గురించి కూడా భయపడి పిల్లల డాక్టరుని అడిగా. మామూలు ఫోన్ ఫ్లాష్‌తో చూపు పోదన్నారు. కానీ పాప ఉలిక్కిపడుతుంది, ఫోటో కూడా పిండి బొమ్మలా వస్తుంది, అందుకే నేను వాడను. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోమన్నారు. ఫ్లాష్ ఫోటోల్లో కంటిపాప ఎర్రగా రావడం మామూలే. కానీ ఒక కంట్లో మాటిమాటికీ తెల్లటి మెరుపు కనిపిస్తే ఫోటో బాగా రాలేదని డిలీట్ చేసి ఊరుకోకుండా వెంటనే కంటి డాక్టరుకి చూపించాలి. శుక్లం గానీ, అరుదుగా కంటి క్యాన్సర్ గానీ అలా బయటపడుతుందట.

ఇక అసలు సంగతి.

తొట్టెల రోజే ఒకావిడ పాపని ఎత్తుకుని, "ఆడపిల్ల గదా, జర రంగు తక్కువొచ్చింది" అంది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఆ రాత్రి పాప నిద్రపోయాక ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ తెరిచా. అందులో బ్యూటీ అని ఒక గీత ఉంటుంది, వేలితో జరిపితే చర్మం నున్నగా, తెల్లగా అవుతుంది. నేను దాన్ని జరిపా. కొంచెమే. తర్వాత ఇంకొంచెం.

మూడు నెలలు అలాగే పంపా. మా ఆయన రూములోవాళ్లకి చూపిస్తే "ఎర్రగ, బొద్దుగ ఉంది" అన్నారట. మా అత్తమ్మ ఫోన్‌లో పక్కింటివాళ్లకి చూపించి మురిసిపోయింది. నాకూ బాగానే ఉండేది.

నాలుగో నెలలో మా చెల్లి తన ఫోన్‌తో పాప వీడియో తీసి బావకి పంపింది. అరగంటలో ఆయన నుంచి కాల్. గొంతులో కంగారు. "పిల్లకి పానం బాగలేదా? రంగు మారినట్టుంది. డాక్టరుకి చూపెట్టినవా?"

నా నోట మాట రాలేదు. డ్యూటీ మధ్యలో, ఎండలో నిలబడి, కూతురికి ఏదో అయిందని భయపడుతున్నాడు మనిషి. ఏమీ కాలేదు, పాప పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉందని చెప్పాలంటే, మూడు నెలలుగా నేనేం పంపానో కూడా చెప్పాలి. "నెట్ వల్ల అట్ల కనవడ్తుంది" అని అబద్ధం చెప్పి పెట్టేశా.

ఆ రాత్రి బీరువా తెరిచి నా పౌడరు ఫోటో తీసి చూసుకున్నా. అమ్మ పూసింది పౌడరు, నేను పూసింది బ్యూటీ మోడ్. అమ్మకి నాన్న ఏమనుకుంటాడో అని భయం. నాకేం భయం? మా ఆయన ఎప్పుడూ రంగు గురించి ఒక్క మాట అనలేదు. ఎవరో ఒకావిడ అన్న మాట పట్టుకుని, కన్నతండ్రికి కూతురి మొహం మార్చి పంపా. "పిల్ల మొఖం ఏది" అని ఆయన మూడో రోజు అడిగిన ప్రశ్నకి నేనింకా జవాబు పంపనేలేదు.

మర్నాడు ఆ గీతని సున్నాకి జరిపా. తెల్ల టవల్ తీసేసి అమ్మ పాత ఆవరంగు చీర మడతపెట్టి పరిచా. కింద తెల్ల బట్ట ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం ఫోటోని తగ్గించేస్తుంది, దాంతో మొహం ఉన్నదానికంటే నల్లబడుతుంది. పాప మొహం మీద వేలు పెట్టి నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కొంచెం పైకి జరిపితే వెలుతురు సరిపోతుంది. తెల్లగా చేయడం కాదది, ఉన్న రంగు ఉన్నట్టు రావడం. చామనచాయ మొహం మీద కిటికీ వెలుతురు పడితే ఎంత బాగుంటుందో ఆ రోజే చూశా. బుగ్గ మీద తేనె రాసినట్టు ఉంది. చెవి వెనక చిన్న పుట్టుమచ్చ కూడా కనిపించింది. నా నున్నటి ఫోటోల్లో అది చెరిగిపోయేది.

ఫోటో పంపి, కింద జరిగిందంతా రాశా. రెండున్నర అయింది, జవాబు లేదు. నాలుగైంది, లేదు. రెండు నీలం టిక్కులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఇన్ని దినాలు నీ లెక్క ఉందనుకున్న. ఇది అచ్చం నా లెక్కనే ఉంది గదనే!" వెనకాల రూములో అందరూ నవ్వుతున్నారు. డ్యూటీ దిగాక ఆ ఆరుగురికీ చూపించి, అద్దంలో తన మొహం, ఫోన్‌లో పాప మొహం పోల్చుకున్నాడట.

నేను తెల్లగా చేస్తూ చేస్తూ పాప మొహంలోంచి వాళ్ల నాన్ననే తుడిచేశానన్నమాట. నేను చాలాసేపు ఏడ్చా.

ఆ తర్వాత ఫోటోల పద్ధతే మారిపోయింది. ఏం కావాలో ఆయనే అడిగేవాడు. "అరికాళ్లు తీయి." "పిడికిలి తీయి." "ఏడ్చేది కూడ పంపు, నవ్వేటియే ఎందుకు?" నెల నెలా కూరగాయలతో, బెలూన్లతో చేసే థీమ్ ఫోటోలు మానేశాం. వాటి బదులు ఆయన వదిలివెళ్లిన గళ్ల చొక్కా చాప మీద పరిచి, కాలర్ దగ్గర తల వచ్చేలా పాపని పడుకోబెట్టి తీసేదాన్ని. నెల నెలా కాళ్లు కిందికి జరుగుతూ, ఎనిమిదో నెలకి కింది అంచు దగ్గరికి వచ్చాయి. ఎంత పెరిగిందో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

పంపేటప్పుడు హెచ్‌డీ పెట్టి పంపడం, లేదంటే డాక్యుమెంట్‌గా పంపడం నేర్చుకున్నా. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది. రోజుకి నలభై తీస్తే రాత్రికి మూడు ఉంచి మిగతావి తీసేస్తా. స్నానం చేసేటప్పుడు, బట్టల్లేకుండా ఉన్నప్పుడు తీసినవి మా ఇద్దరి ఫోన్లు దాటవు, స్టేటస్‌లో అస్సలు పెట్టను. పాప పెద్దయ్యాక నన్ను అడగగలిగే ప్రశ్నల్లో ఒకటైనా తగ్గుతుంది.

తొమ్మిదో నెలలో ఆయన వచ్చాడు. గుమ్మంలో బ్యాగు దింపకుండానే పాపని అందుకుని, చెవి మెల్లగా వంచి వెనక పుట్టుమచ్చ చూసుకున్నాడు. "ఉన్నది" అన్నాడు.

పాప మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. ఈ వయసులో కొత్తవాళ్లని చూసి ఏడవడం మామూలేనని తెలుసు. అయినా ఆయన మొహం చూడలేకపోయా. తొమ్మిది నెలలుగా పాపని ఆయనకి చూపించా. ఆయన్ని పాపకి చూపించాలని నాకు తట్టనేలేదు.

నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు పొద్దున ముందు గదిలో ఆయన చాప మీద పడుకుని ఉంటే, పాప పాక్కుంటూ వెళ్లి ఛాతీ మీద చెయ్యేసి మీసం పట్టుకుని లాగింది. ఉత్తరం కిటికీ తెరిచే ఉంది, ట్యూబ్‌లైటు ఆపే ఉంది. నేను అద్దం తుడిచి, నేల మీద బోర్లా పడుకుని తీశా.

సెలవు అయిపోయి ఆయన వెళ్లిపోయాక, జగిత్యాలలో ఆ ఫోటో 4×6 సైజు ప్రింట్ వేయించి, తొట్టె పక్క గోడకి, పాప కళ్లకి అందే ఎత్తులో అంటించా. పొద్దున లేవగానే దాన్ని తట్టి, మీసం దగ్గర వేలు పెడుతుంది. తర్వాత నాకుతుంది. ఇప్పటికి రెండు ప్రింట్లు అలాగే పాడయ్యాయి, గోడ మీద ఉన్నది మూడోది.